అమెరికా హోటల్ గదిలో పెరుగన్నం

ఆఫీసు పని మీద అమెరికా వెళ్తే నేను రెస్టారెంటు జోలికి పెద్దగా పోను. మెనూలో ఉన్న ధరకు పన్ను, ఆపైన 18–20 శాతం టిప్పు కలిపితే రెండు దోసెల బిల్లు చూసి ఆకలి చచ్చిపోతుంది.

గది బుక్ చేసేటప్పుడే ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయో లేదో అడగండి. మైక్రోవేవ్ గదిలో లేకపోయినా, చాలా చోట్ల లాబీలో ఉంటుంది. మన కెటిల్ మాత్రం మోసుకెళ్లొద్దు. అక్కడ కరెంటు 120 వోల్టులే. 230 వోల్టుల కెటిల్ సుమారు నాలుగో వంతు శక్తితోనే పనిచేస్తుంది, టీ పెట్టుకునేసరికి ఆఫీసు టైమైపోతుంది.

దిగిన రోజే వాల్‌మార్ట్‌కి వెళ్లండి. వండిన బాస్మతి అన్నం ప్యాకెట్లు దొరుకుతాయి. మూల కాస్త చింపి 90 సెకన్లు వేడి చేస్తే చాలు. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద 'ప్లెయిన్' (తీపి, ఫ్లేవర్ కలపనిది), 'హోల్ మిల్క్' (వెన్న తీయని పాలతో చేసింది) అని రెండూ ఉండాలి. వెనీలా పెరుగుతో ఆవకాయ కలిపి తినడం పగవాడికి కూడా వద్దు! చిన్న ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనిస్తే పెరుగు గడ్డకడుతుంది, తలుపు అరలో పెట్టండి. ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు, డబ్బా శనగలు కూడా తీసుకోండి. శనగల్ని కడిగి ఉల్లిపాయ, నిమ్మరసం కలిపితే సాయంత్రానికి సరి.

ఆవకాయ ఇంటి నుంచే, గట్టిగా ప్యాక్ చేయించి, చెక్-ఇన్ పెట్టెలో. గదిలో పోపు మాత్రం పెట్టకండి, పొగకి అలారం మోగుతుంది.