ఆటోపైలట్ పాఠాలు – 4: ముట్టుకోకుండానే ఊడిపోతుంటే

పోయిన పాఠంలో, కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఆటోపైలట్ (విమానాన్ని తనంతట తానే నడిపే ఏర్పాటు) వేసి, హెడింగ్ (వెళ్లే దిశ), ఎత్తు పట్టించడం దాకా వచ్చాం. ఇక హాయిగా టీ తెచ్చుకుందామని లేస్తారు. వంటింటి గడప దాటకముందే ఏ320 విమానంలో బాకా ఊదినట్టు మోత, ఆటోపైలట్ నడుస్తోందని స్క్రీన్ మీద చూపే ఏపీ1 మాయం. అంటే ఆటోపైలట్ ఊడిపోయింది. విమానంలోనే బగ్గుందని సిమ్యులేటర్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లూ ఉన్నారు. ఆగండి, ముందు జాయ్‌స్టిక్‌ని అనుమానించాలి.

నిజమైన ఏ320లో ఆటోపైలట్ వేయగానే సైడ్‌స్టిక్ (పైలట్ విమానాన్ని తిప్పే, పక్కనుండే పుల్ల) నడిమధ్యలో బిగుసుకుంటుంది. పైలట్ బలంగా నెడితేనే ఆ పట్టు వదులుతుంది, ఆటోపైలట్ తప్పుకుంటుంది. మన టేబుల్ మీది స్టిక్‌కి ఆ బిగింపు లేదు. అందుకే సిమ్యులేటర్‌లోని విమానం స్టిక్ ఎంత కదిలిందో చూస్తుంది. ఓ హద్దు దాటితే, పైలట్ చెయ్యి వేశాడనుకుని తప్పుకుంటుంది. పాత స్టిక్ తనంతట తానే వణికినా దానికి తేడా తెలియదు.

ఆ వణుకు కళ్లతో చూద్దాం. సిమ్యులేటర్ మూసేసి, విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. మీ స్టిక్ ఎంచుకుని ప్రాపర్టీస్‌లోకి వెళ్తే, ఒక చదరంలో చిన్న కూడిక గుర్తు ఉంటుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక నిమిషం దాన్నే చూడండి. కదలకుండా ఉంటే స్టిక్ బాగున్నట్టే. ఉండుండి పక్కకి గెంతుతుంటే దొంగ దొరికాడు. లోపల స్టిక్ కదలికను కొలిచే పొటెన్షియోమీటర్ అరిగినా, దుమ్ము పట్టినా ఇలాగే గెంతుతుంది. దానికి బదులు అయస్కాంతంతో కొలిచే హాల్ సెన్సర్ ఉన్న స్టిక్‌లలో ఈ బెడద తక్కువ.

మందు డెడ్ జోన్, అంటే నడిమధ్య దగ్గర స్టిక్ కాస్త కదిలినా సిమ్యులేటర్ పట్టించుకోని మేర. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కంట్రోల్స్‌లోకి వెళ్లి, సెన్సిటివిటీలో ఆ స్టిక్‌కి 5 శాతం పెట్టి చూడండి. చాలకపోతే ఒక్కో శాతం పెంచండి. ఒకేసారి 20 పెట్టేయకండి. ల్యాండింగ్‌లో స్టిక్ కదిపినా విమానం కాసేపు పలకదు, తర్వాత ఒక్కసారిగా ఊగుతుంది.

స్టిక్ బాగానే ఉందా? అయితే రెండు చోట్ల వెతకండి. ఆటల కోసం కొన్న గేమ్‌ప్యాడ్ కూడా పీసీకి తగిలించి ఉంటే, దాని పుల్ల కూడా అదే పని చేస్తుండొచ్చు. పీకేయండి. రెండోది బటన్లు. 737 విమానంలో ఆటోపైలట్ నడుస్తుండగా ఎలక్ట్రిక్ ట్రిమ్ (విమానం ముక్కును పైకి, కిందికి సర్దే బటన్) నొక్కితే ఆటోపైలట్ ఊడిపోతుంది. అసలు విమానంలోనూ అంతే, అది తప్పు కాదు. నేను ట్రిమ్‌ని బొటనవేలు ఆనే చోట పెట్టుకుని, వారం రోజులు డెడ్ జోన్‌తో కుస్తీ పట్టాను. చివరికి జాయ్ డాట్ సీపీఎల్ కిటికీలో ఒక బటన్ ఎర్రగా వెలగడం చూశాక గానీ అర్థం కాలేదు, వేలు నాదేనని.

ఇంటిపని: 5,000 అడుగుల్లో ఆటోపైలట్ వేసి, స్టిక్ ముట్టుకోకుండా 10 నిమిషాలు కూర్చోండి. మళ్లీ ఊడిందా? ఈసారి స్టిక్ పీకేసి, కీబోర్డులో జడ్ నొక్కి ఆటోపైలట్ వేసి చూడండి. అప్పుడు నిలిస్తే స్టిక్కే. అప్పుడూ ఊడితే కారణం వేరే, దాని సంగతి 5వ పాఠంలో.