బర్డ్ ఫ్లూ సోకిన కోళ్ల ఫారాలు: నష్టపరిహారానికి దరఖాస్తు విధానం

బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయితే ఆ ఫారం చుట్టూ కిలోమీటరు మేర ఇన్ఫెక్టెడ్ జోన్ (రోగం సోకిన ప్రాంతం), ఆ తర్వాత ఫారం నుంచి పది కిలోమీటర్ల దాకా సర్వైలెన్స్ జోన్ (నిఘా ప్రాంతం) ప్రకటిస్తారు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో జరిగింది ఇదే. కోళ్లు, గుడ్లు, దాణా రవాణాపై ఆంక్షలు పెడతారు. కిలోమీటరు లోపలి కోళ్లను ప్రభుత్వమే చంపించి పూడ్చేయిస్తుంది.

పరిహారం ఇచ్చేది అలా చంపించిన కోళ్లకు, వాటితోపాటు ధ్వంసం చేసిన గుడ్లకు, దాణాకు. కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరిస్తాయి. రవాణా ఆగిపోయి, రేటు పడిపోయి వచ్చిన నష్టం ఇందులోకి రాదు. సర్వైలెన్స్ జోన్‌లోని రైతులకు ఇది అన్యాయమే, కానీ ప్రస్తుత పథకం అంతవరకే.

రోగంతో ముందే చనిపోయిన కోళ్లకూ ఏమీ రాదు. అందుకే మరణాలు మామూలు కంటే పెరిగిన రోజే పశువైద్యాధికారికి చెప్పండి. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం అది యజమాని బాధ్యత కూడా. శాంపిళ్లు భోపాల్‌లోని జాతీయ పశురోగాల ల్యాబ్‌కు వెళ్లి ఫలితం వచ్చేలోగా ఫారం సగం ఖాళీ అయితే ఆ నష్టం మీదే.

దరఖాస్తులో అసలు కీలకం కోళ్లను చంపే రోజు రాపిడ్ రెస్పాన్స్ టీమ్ (ఆ పనికి వచ్చే ప్రభుత్వ బృందం) రాసే లెక్క. లేయర్లా (గుడ్ల కోళ్లు), బ్రాయిలర్లా (మాంసం కోళ్లు), నాటుకోళ్లా, వయసెంత, ఎన్ని అన్నవి అందులో ఉంటాయి. రకాన్ని, వయసును బట్టి రేటు మారుతుంది కాబట్టి ఆ కాగితం పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి. గుడ్ల ట్రేలు, దాణా బస్తాలు కూడా మీ కళ్ల ముందే లెక్కించమనండి. తేడా ఉంటే అక్కడే చెప్పి దిద్దించుకోవాలి, పూడ్చేశాక నిరూపించడం చాలా కష్టం. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కోడిపిల్లలను కొన్న బిల్లులు, దాణా బిల్లులు, రోజువారీ మరణాల రిజిస్టర్ సిద్ధంగా ఉంచుకోండి. కంపెనీ కోళ్లను పెంచుతున్నవారు అగ్రిమెంట్ తీసి చూసుకోవాలి, ఎందుకంటే పరిహారం పక్షుల యజమానికి వెళ్తుంది. పెరట్లో నాలుగు కోళ్లున్నవారూ అర్హులే, పేరు రాయించుకోవడం మరవకండి.

డబ్బు ఆలస్యమైతే జిల్లా పశుసంవర్ధక అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో, తెలంగాణలో అయితే ప్రజావాణిలో, కోళ్లను చంపిన రోజు రాసిన లెక్క కాపీ జతచేసి ఇవ్వండి.