24 ఆట కోడ్ రాసేవాళ్లకు ఒక చిన్న చిట్కా

నాలుగు అంకెలిచ్చి, కూడిక తీసివేత గుణకారం భాగహారాలతో 24 తెప్పించమనే ప్రోగ్రామ్ రాస్తున్నారా? అయితే ముందు 3, 3, 8, 8 ఇచ్చి చూడండి. దీనికి జవాబు ఉంది: 8 / (3 - 8/3). కాగితం మీద చక్కగా 24 వస్తుంది, కానీ పైథాన్‌లో మామూలుగా భాగిస్తే 23.9999 అంటూ సాగుతుంది, మీరు 24కి సమానమా అని అడిగితే కాదంటుంది. నేను ఒక సాయంత్రమంతా లాజిక్‌లోనే తప్పుందనుకుని వెతికాను, తీరా చూస్తే లాజిక్ శుభ్రంగానే ఉంది, 8/3ని దశాంశంగా దాచేటప్పుడు వచ్చే చిన్న తేడాదే తప్పంతా!

ఫ్రాక్షన్ (Fraction, భిన్నాన్ని భిన్నంగానే ఉంచి కచ్చితంగా లెక్కించేది) వాడండి, పైథాన్‌తో పాటే వస్తుంది. అది లేని భాషలో అయితే 24తో తేడా 0.000001 కన్నా తక్కువుందా అని చూస్తే చాలు.

ఇంకోటి, బ్రాకెట్లు ఎక్కడెక్కడ పెట్టాలా అని స్ట్రింగులు తయారుచేసి ఎవాల్‌కి (eval, స్ట్రింగును కోడ్‌లా నడిపే ఫంక్షన్) ఇచ్చే గొడవ పెట్టుకోకండి. ఉన్న అంకెల్లో ఏవైనా రెండు తీసి, వాటి ఫలితాన్ని తిరిగి జాబితాలో వేసి, మిగిలిన మూడింటితో మళ్లీ అదే ఫంక్షన్‌ని పిలవండి, బ్రాకెట్ల సంగతి అదే చూసుకుంటుంది. కూడిక, గుణకారాలకు వరస మార్చినా ఒకటే కాబట్టి ఒక జతకు ఆరు ఫలితాలే, మొత్తం మీద 3,888 దారులు, కంప్యూటర్‌కి అదో లెక్కే కాదు. సున్నాతో భాగించే చోట మాత్రం దాటేయడం మర్చిపోకండి.