పియానో కొనేముందు ఒక్క కీ మెల్లగ నొక్కి చూడండి

మా పాపకు ఫస్ట్ కొనిచ్చింది కీబోర్డు, పియానో కాదు, ఆ సంగతి నాకు కొన్న ఎనిమిది నెలలకు గానీ తెల్వలేదు. 61 కీలు, వందల టోన్లు, తబలా ఉంది, డోలక్ ఉంది, ఒక్క బటన్ నొక్కితే పెండ్లి బరాత్ మొత్తం అదే వాయిస్తది, ఇంటికి తెచ్చిన రోజు చుట్టాలు వచ్చి చూసి మస్తుంది అన్నరు. హన్మకొండల పియానో నేర్పే మేడం దగ్గర చేర్పించినంక ఆమె ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "సార్, పాప మా పియానో మీద వాయిస్తే సగం కీలు మోగుతనే లేవు, ఇంట్ల దేని మీద ప్రాక్టీస్ చేస్తుంది?" అని అడిగింది. చెప్పిన. ఆమె ఏమనలేదు, నవ్వి ఊకుంది. ఆ నవ్వుతోనే నాకు విషయం సమజైంది. తర్వాత మూడు నెలలు ఇదే పని పెట్టుకొని, స్పెసిఫికేషన్లు చదివి, సికింద్రాబాద్ రెండు సార్లు పోయి, ఆఖరికి ఒక డిజిటల్ పియానో తెచ్చినం. ఇప్పుడు మా కాలనీల ఎవరికి కావాలన్నా ఫోన్ నాకే వస్తుంది కాబట్టి అందరికి ఒకేసారి రాసి పెడుతున్న.

ముందుగాల తేల్చుకోవాల్సింది బడ్జెట్ కాదు, ఎవరు వాయిస్తరు, ఏం వాయిస్తరు అనేది. కాజీపేట ఫాతిమానగర్‌ల ఉండే మా కొలీగ్ కొడుకు చర్చిల వాయిస్తడు. పాడేటోళ్ళ గొంతును బట్టి స్కేల్ మార్చాలె, ఒక పాటకు స్ట్రింగ్స్, ఇంకో పాటకు ఫ్లూట్, అయిపోంగనే బ్యాగుల పెట్టుకొని బండి మీద ఇంటికి రావాలె. ఆ పిలగానికి 88 కీల పియానో కొనిస్తే వానికి శిక్ష వేసినట్టే. యమహా పీఎస్ఆర్-ఐ500 లాంటి మన ఇండియన్ టోన్ల కీబోర్డు, లేకపోతే స్టేజీ మీద వాయించేటోళ్ళు వాడే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 అయితే కరెక్టు (దాంట్ల స్పీకర్లు ఉండవు, విడిగా కావాలె, అది మర్చిపోవద్దు). కీబోర్డు తక్కువ, పియానో ఎక్కువ అని కాదు, రెండు వేరే వేరే వాయిద్యాలు అంతే. పిల్లలు రాసే ట్రినిటీ (లండన్ సంగీత బోర్డు) పరీక్షలల్ల కూడా పియానో వేరే సబ్జెక్టు, ఎలక్ట్రానిక్ కీబోర్డు వేరే సబ్జెక్టు, పుస్తకాలు కూడా వేరే. అందుకే పిల్లలకు అయితే టీచర్‌ని "మీరు పరీక్షకు దేంట్ల కట్టిస్తరు" అని ఒక్క మాట అడిగి ఆ తర్వాతనే షాపుకు పోండి. నేను అడగలేదు, అందుకే రెండు సార్లు కొన్న.

పియానోనే కావాలె అని తేలినంక అసలు లెక్క మొదలైతది, అది మొత్తం కీల మీదనే ఉంటది. నిజం పియానోల కీ నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగెను కొడతది. ఎడమ పక్క లావు స్వరాలకు సుత్తులు పెద్దగ ఉంటయి కాబట్టి ఆ కీలు బరువు, కుడి పక్కకు పోతుంటే తేలికైతయి. డిజిటల్ పియానోల తీగెలు ఉండవు గానీ ఆ బరువును నకలు చేస్తరు, దాన్నే హామర్ యాక్షన్ అంటరు. మా పాప తేలిక కీలకు అలవాటు పడ్డది, అందుకే మేడం పియానో మీద సగం మోగలేదు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది, యమహా వాళ్ళది జీహెచ్ఎస్, ఇప్పుడు కొత్తవాటిల జీహెచ్‌సీ, రోలాండ్‌ది పీహెచ్ఏ-4, కాసియోది స్కేల్డ్ హామర్, ఇట్ల. ఆన్‌లైన్ల చూసేటప్పుడు ఇక్కడనే జాగ్రత్తగ ఉండాలె. "టచ్ సెన్సిటివ్" అని రాసి ఉంటే గట్టిగ కొడితే గట్టిగ మోగుతది అని మాత్రమే అర్థం, బరువు ఉన్నట్టు కాదు. "సెమీ వెయిటెడ్" అంటే ఎక్కువ వాటిల స్ప్రింగు, సుత్తి కాదు. 88 కీలు అని పెద్దగ రాసి, కింద చిన్నగ సెమీ వెయిటెడ్ అని ఉండేవి చాన ఉన్నయి, రేటు సగమే ఉంటది, ఆశ పడతం. పాపం మా తమ్ముడు అట్లాంటిదే కొందామని కార్టుల పెట్టి నాకు ఫోన్ చేసిండు, ఆపిన.

షాపుల ఎట్ల చూడాలె అంటే, ఫస్ట్ షాపాయనను డెమో ఆపమని చెప్పాలె. మేము పోయిన మొదటి షాపుల ఆయన ఒక బటన్ నొక్కిండు, పియానో దానంతట అదే ఒక పెద్ద పాట వాయించింది, మా ఆవిడ "అబ్బ ఎంత బాగుంది" అన్నది. అది డెమో పాట, దానికి మన వేళ్ళతోని సంబంధం లేదు. అది ఆపి, స్టూల్ అడిగి కూసొని, వాల్యూమ్ సగానికి పెట్టి, మధ్యల ఒక తెల్ల కీని ఎంత మెల్లగ నొక్కగలిగితే అంత మెల్లగ, రొట్టె పిండి మీద వేలు దించినట్టు దించాలె. మంచిదైతే సప్పుడే రాదు, లేకపోతే దూరంగ ఎక్కడ్నో వినపడ్డట్టు సన్నగ వస్తది. ఎంత మెల్లగ నొక్కినా ఒకే స్థాయిల ఠంగ్ అంటే అక్కడికే లేచి రావచ్చు. తర్వాత అదే కీని రెండు వేళ్ళు మార్చుకుంట టకటక ఫాస్టుగ కొట్టాలె, కీ పూర్తిగ పైకి లేవకముందే రెండో దెబ్బ పడితే మోగుతుందా లేదా చూడాలె. కీ కదలికను పసిగట్టే సెన్సర్లు ఒక్కో కీకి మూడు ఉన్నవాటిల ఇది బాగ పలుకుతది, పీహెచ్ఏ-4ల మూడు ఉంటయి. తర్వాత వేలిని కీ లోపలికి, నల్ల కీల నడుమకు జరిపి నొక్కి చూడండి, అక్కడ కీ గట్టిగ అనిపిస్తది, అన్నిట్ల కొంత ఉంటది గానీ సన్నగ, స్లిమ్ముగ చేసిన మోడళ్ళల్ల ఎక్కువ తెలుస్తది. ఆఖరికి వాల్యూమ్ సున్నా పెట్టి నాలుగు కీలు కొట్టండి. ప్లాస్టిక్ టపటప ఎంతుందో అప్పుడే తెలుస్తది. ఈ టపటప సంగతి కింద మళ్ళ చెప్త, మా ఇంట్ల లొల్లి అయింది దాని మీదనే.

పిల్లలకు కొంటున్నం అంటే పిల్లలను తీస్కపోవాలె. మా పాప మూడు మోడళ్ళు వాయించి ఒకదాని దగ్గర ఆగింది, "డాడీ ఇది మేడం వాళ్ళింట్ల దాని లెక్క ఉంది" అన్నది. నేను అప్పటికి ఎక్సెల్ షీటు చేసుకొని పోయిన, అది మడిచి జేబుల పెట్టుకున్న.

ఇగ పాలీఫనీ అనే నంబర్ గురించి. ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవో ఆ లెక్క. మనకున్నయి పది వేళ్ళే కదా 64 ఎందుకు సరిపోదు అని నాక్కూడ డౌట్ వచ్చింది. పెడల్ తొక్కి పట్టుకుంటే పాత స్వరాలు ఆగవు, అవి సాగుతుండంగనే కొత్తవి వచ్చి చేరుతయి, పైగ స్టీరియో సౌండ్ అయితే ఒక్క కీకే రెండు లెక్క. నిండితే పాతవాటిని మధ్యల కోసేస్తది. యమహా పీ-145ల, కాసియో సీడీపీ-ఎస్110ల 64, రోలాండ్ ఎఫ్‌పీ-10ల 96, యమహా పీ-225ల, కాసియో పీఎక్స్-ఎస్1100ల 192, రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్‌ల 256. కొత్తగ నేర్చుకునేటోళ్ళకు మొదటి రెండు మూడేండ్లు 64తోని ఏం ఇబ్బంది రాదు, దీని కోసం పైసలు ఎక్కువ పెట్టకండి అని నా మాట. టోన్ల సంఖ్య అయితే అసలు చూడనే చూడకండి, పీ-145ల పదే ఉంటయి, మా పాప అయితే వాడేది ఒక్కటే.

రేట్ల విషయానికొస్తే, నేను తిరిగినప్పుడు హామర్ కీలున్న కంపెనీ మోడళ్ళు సుమారు 40 వేల నుంచి 55 వేల దాక ఒక గుంపు, 60 నుంచి 75 దాక ఇంకో గుంపు ఉండె, దసరా దీపావళికి ఆఫర్లల్ల కొంచెం దిగుతయి. ఇక్కడ ఒక ముచ్చట ఎవరూ చెప్పరు, నేను స్పెసిఫికేషన్లు పక్క పక్కన పెట్టి చూస్తే తెలిసింది. యమహా పీ-145, పీ-225 రెండింటిల కీలు ఒకటే, జీహెచ్‌సీ. రోలాండ్ ఎఫ్‌పీ-10, ఎఫ్‌పీ-30ఎక్స్ రెండింటిల కూడా అదే పీహెచ్ఏ-4. అంటే ఇరవై వేలు ఎక్కువ పెడితే వేళ్ళ కింద ఏం మారదు! మారేది స్పీకర్లు (ఎఫ్‌పీ-10కు 6 వాట్లవి రెండు, 30ఎక్స్‌కు 11 వాట్లవి రెండు), పాలీఫనీ, బ్లూటూత్ ఆడియో, బయట స్పీకర్‌కు కలిపే అవుట్‌లు, ఇవి. అందుకే నేను చెప్పే లెక్క ఏందంటే, ముందు వేళ్ళతోని కంపెనీని ఎంచుకోవాలె, ఆ తర్వాత చెవులతోని మోడల్‌ని ఎంచుకోవాలె. ఇంట్ల హెడ్‌ఫోన్ పెట్టుకొనే ప్రాక్టీస్ అయితే చిన్న మోడలే చాలు, హాల్ల పెట్టి నలుగురు వినాలంటే పెద్దది. కాసియోల మాత్రం ఇట్ల కాదు, సీడీపీకి పీఎక్స్-ఎస్‌కు కీలే వేరు, కాబట్టి రెండూ నొక్కి చూడాల్సిందే. పీఎక్స్-ఎస్1100 ఆరు పెన్సిల్ సెల్లుల మీద కూడా నడుస్తది, కరెంటు లేని కాడ వాయించేటోళ్ళకు పనికొస్తది.

బ్లూటూత్ అని ఉంటే ఏ బ్లూటూత్ అని అడగండి. బ్లూటూత్ మిడి అంటే ఫోన్ల యాప్‌తోని కలవడానికి, బ్లూటూత్ ఆడియో అంటే ఫోన్ల పాట పియానో స్పీకర్ల వినడానికి. ఎఫ్‌పీ-10ల మొదటిది మాత్రమే ఉంది, నేను రెండోది ఉందనుకొని ఒక సాయంత్రమంతా ఫోన్ పట్టుకొని కుస్తీ పట్టిన. ఇంకోటి, చెవుల పెట్టుకునే బ్లూటూత్ బడ్స్‌తోని పియానో వాయిద్దాం అనుకోకండి, నొక్కినంక సౌండ్ లేటుగ వస్తది, పిచ్చి లేస్తది. వైరు హెడ్‌ఫోనే కావాలె. కంప్యూటర్‌కు కలపాలంటే చాన మోడళ్ళకు పాత ప్రింటర్లకు వాడే కేబులే, ఇంట్ల ఎక్కడ్నో పడి ఉంటది చూడండి.

రేటు చూసి బడ్జెట్ వేసుకునేటోళ్ళు స్టాండు, స్టూలు, పెడల్, హెడ్‌ఫోన్ మర్చిపోతరు, వీటికి ఇంకో 6 వేల నుంచి 10 వేలు పక్కకు పెట్టుకోవాలె. డైనింగ్ టేబుల్ మీద పెడ్తం అంటే కుదరదు, తెల్ల కీల పైభాగం నేల నుంచి 72, 73 సెంటీమీటర్ల ఎత్తుల ఉండాలె, టేబులే 75 ఉంటది, దాని మీద పియానో పెడితే పిల్లలు భుజాలు ఎత్తి వాయిస్తరు, అదే అలవాటు అయితది. ఎక్స్ స్టాండు చవక గానీ గట్టిగ వాయిస్తే ఊగుతది, మోకాళ్ళకు కూడా అడ్డం. డబ్బాల వచ్చే చిన్న పెడల్ మన టైల్స్ మీద జారుకుంట జారుకుంట గోడ దాక పోతది.

ఇగ ఆ లొల్లి సంగతి. మేము పై పోర్షన్ల కిరాయికి ఉంటం, కింద ఓనర్లు. పాప రాత్రి తొమ్మిదింటికి హెడ్‌ఫోన్ పెట్టుకొని వాయిస్తది, మాకు ఏం వినపడదు, బుద్ధిగ ఉన్నం అనుకున్నం. నాలుగు రోజులైనంక ఓనర్ అంకుల్ పైకొచ్చి "రాత్రిపూట ఏం దంచుతున్నరు బిడ్డా, కారమా?" అని అడిగిండు. కీల టపటప స్టాండు కాళ్ళ నుంచి స్లాబుల దిగి కింద వాళ్ళకు రోలు దంచినట్టు వినపడుతుందట. కొత్తవాడ పోయి ఒక మందం దరీ తెచ్చిన, మన వరంగల్ దరీలకు 2018ల జీఐ ట్యాగ్ కూడా వచ్చింది కదా, దాన్ని నాలుగు మడతలు పెట్టి స్టాండు కింద వేసిన, కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టిన. అంకుల్ మళ్ళ రాలేదు. దాని మీద పెడల్ కూడా జారుతలేదు, అది ఫ్రీగ దొరికిన లాభం.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే కిరాక్ బేరాలు దొరుకుతయి, మూడు నెలలు నేర్చుకొని బంద్ పెట్టినోళ్ళు మస్తుమంది ఉంటరు. కానీ ఒక్కో కీ మెల్లగ ఒకసారి, గట్టిగ ఒకసారి, 88 నొక్కాల్సిందే, అమ్మేటోళ్ళు గుర్రుమని చూసినా సరే. లోపల రబ్బరు కాంటాక్టుల మీద దుమ్ము పడితే మెల్లగ నొక్కినా ఒక కీ ఉన్నట్టుండి అరిచినట్టు మోగుతది, లేకపోతే అసలు పలకదు. మన కాడ ఎండకాలం దుమ్ము సంగతి చెప్పే పనే లేదు, వాయించనప్పుడు పాత చీర మడత వేసి కప్పండి, కిటికీ ఎండ నేరుగ పడే కాడ పెట్టకండి. అడాప్టర్ పోతే ఇంట్ల ఉన్న ఏదో ఒకటి గుచ్చకండి, వోల్టేజీ సరిపోయినా పిన్నుల ప్లస్ మైనస్ ఉల్టా ఉంటే బోర్డు కాలుతది.

కొన్నంక తెచ్చుకునుడు కూడా ఒక పనే. పియానోనే 130 సెంటీమీటర్ల పొడుగు, డబ్బాతోని ఇంకా ఎక్కువ, బరువు చాన వాటిల 11, 12 కిలోలే గానీ మలుపుల కాడ తిరగదు. మేము సికింద్రాబాద్‌ల రైలెక్కి కాజీపేటల దిగినం, డబ్బాను బోగీ తలుపు కాడ నిలబెట్టి ఇద్దరం పట్టుకొని నిలుచున్నం, కాజీపేటల ఆటోల పట్టక ట్రాలీ మాట్లాడుకున్నం. ఆన్‌లైన్ల తెప్పించుకున్నా తప్పు లేదు, షాపుల వేళ్ళతోని చూసి వచ్చి ఉంటే చాలు, ఇంటికే వస్తది. కాకపోతే ఆర్డర్ పెట్టకముందే కంపెనీ సర్వీస్ వరంగల్‌కు మనిషిని పంపుతదా, మనమే హైదరాబాద్ మోసుకపోవాల్నా అని కస్టమర్ కేర్‌ను అడగండి, బిల్లు మీద సీరియల్ నంబర్ ఉందో లేదో చూడండి, డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. ప్లగ్గు పెట్టంగనే ఎడమ చివరి నుంచి కుడి చివరి దాక, 52 తెల్లవి, 36 నల్లవి, ఒక్కటొక్కటే మెల్లగ నొక్కుకుంట పోండి, రిటర్న్ గడువు అయిపోకముందే.