డాలియా దుంపలు పెట్టెలో, నేల అట్టల కింద: కలుపెక్కిన పెరడును బాగుచేసుకోవడం ఎలా?

మేము మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర్లో ఒక పాత ఇల్లు కొని జూలైలో చేరాం. వెనక స్థలమంతా నడుమెత్తు కలుపు. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న పెద్దాయన ఓపిక తగ్గాక తోట వదిలేసి, కంచె పక్కన ఒక్క వరుస డాలియాలు మాత్రం ఏటా నాటుకునేవారట. ఆగస్టు చివర్లో ఆ గడ్డిలోంచి అన్నం పళ్లెమంత వెడల్పున ముదురు ఎరుపు పువ్వు ఒకటి బయటికొచ్చింది. దాన్ని చూశాకే మాకు ఆ పెరడు మీద ప్రేమ పుట్టింది, లేదంటే మెషీన్ తెప్పించి మొత్తం దున్నించేసేవాళ్లం.

ఐదు చలికాలాలు గడిచాక నాకు తెలిసిందేంటంటే, దుంపలు దాచుకోవడం, పెరడు బాగుచేసుకోవడం వేర్వేరు పనులు కావు. దుంప పెట్టెలో నిద్రపోయే ఆర్నెల్లూ దాని మడి ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కాబట్టి, కలుపు మీద పని మొదలుపెట్టడానికి అంతకంటే మంచి టైం దొరకదు. కింద రాసిందంతా ఆ వరుసలోనే ఉంది.

పూలున్నప్పుడే గుర్తులు పెట్టండి (ఆగస్టు, సెప్టెంబరు)

ముందు ఏదీ పీకకండి. ఏ మొక్క ఎక్కడుందో ఒక నెల చూడండి. డాలియా కనిపించిన ప్రతిచోటా కాండానికి ఒక రిబ్బను కట్టి, రంగు, ఎత్తు రాసిన చీటీ తగిలించండి. మంచు పడ్డాక అన్నీ ఒకేలా నల్లబడిపోతాయి, అప్పుడు ఎరుపేదో తెలుపేదో దేవుడికే తెలియాలి. ఆకులు పసుపు మచ్చలతో ముడుచుకుపోయి, మిగతావాటిలో సగం కూడా ఎదగని మొక్క ఉంటే అది వైరస్ కావచ్చు. దానికి మందు లేదు, పేనుబంక ద్వారా, కోసే కత్తి ద్వారా పక్కవాటికి పాకుతుంది. మనసు రాకపోయినా పీకి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో మాత్రం వద్దు.

గడ్డిలోకి దిగేముందు మూడు జాగ్రత్తలు. పాయిజన్ ఐవీ అనే తీగ ఉంటుంది, ఆకు మూడు రెక్కలుగా ఉంటుంది, ముట్టుకుంటే చాలామందికి తగిలినచోట బొబ్బలొస్తాయి. దాన్ని ఎప్పుడూ కాల్చకండి, ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులకే ప్రమాదం. రెండోది టిక్స్, అంటే మన పిడుదుల్లాంటివే. వీటివల్ల లైమ్ వ్యాధి వస్తుంది కాబట్టి ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకుని, లోపలికి రాగానే ఒళ్లంతా చూసుకోవాలి. మూడోది, లోతుగా తవ్వే పనుంటే కొన్ని రోజుల ముందే 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి గుర్తులు పెట్టి వెళ్తారు.

కలుపుని కోయండి, దున్నకండి

విత్తనం ముదిరిన కంకుల్ని ముందు కోసి సంచిలో కట్టేయాలి, ఎందుకంటే ఈ ఏడాది రాలిన విత్తనం చాలా ఏళ్లు మనల్ని వదలదు. తర్వాత మిగతాదాన్ని నేలకి దగ్గరగా కోసుకుంటూ రండి, డాలియా చుట్టూ రెండడుగులు మాత్రం చేత్తోనే. రోటోటిల్లర్ (నేల దున్నే మెషీన్) జోలికి వెళ్లకండి. బైండ్‌వీడ్ అని తెల్లటి పూలతో చుట్టుకునే తీగ ఒకటుంటుంది, దాని వేరు ఎన్ని ముక్కలైతే అన్ని మొక్కలొస్తాయి. మనవైపు చేలో గరికతో, తుంగతో పడ్డవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

దుంపలు తవ్వడం

డాలియా మెక్సికో కొండల మొక్క, 1963 నుంచి ఆ దేశపు జాతీయ పుష్పం. అక్కడ పొడి కాలంలో దుంపలోకి ముడుచుకుని, వానలు పడగానే మళ్లీ లేస్తుంది. అంటే దానికి ఎండు కాలం అలవాటే, నేల గడ్డకట్టడమే అలవాటు లేదు. (హైదరాబాదులో పెంచేవాళ్ల లెక్క దీనికి తలకిందులు: వానలు తగ్గాక నాటితే పూలు చలికాలంలో వస్తాయి, దుంపని ఎండల నుంచి దాచుకోవాలి.)

మా దగ్గర అక్టోబరులో ఏదో ఒక రాత్రి గట్టి మంచు పడి, పొద్దున్నే లేచేసరికి ఆకులన్నీ నల్లగా వేలాడుతుంటాయి. కంగారు వద్దు, నేల లోపల దుంప బాగానే ఉంటుంది. ఒక వారం, పది రోజులు ఆగండి, ఈలోగా తొక్క కాస్త ముదిరి, వచ్చే ఏడాది మొలిచే కళ్లు ఉబ్బుతాయి. నేల గడ్డకట్టేదాకా మాత్రం ఆగకూడదు. కాండాన్ని ఐదారు అంగుళాలు ఉంచి కోసి, దానికి అడుగు దూరంలో చుట్టూ గార్డెన్ ఫోర్క్ దించి, కింద నుంచి మెల్లగా పైకి లేపాలి. కాండం పట్టుకుని లాగకండి. దుంపకీ కాండానికీ మధ్య సన్నటి మెడ ఉంటుంది, అది విరిగితే ఆ దుంప ఎంత పెద్దదైనా పనికిరాదు.

బంగాళాదుంపకి ఒళ్లంతా కళ్లుంటాయి. డాలియాకి అలా కాదు, పాత కాండం మొదట్లో, మెడ పైనే కన్ను ఉంటుంది. చెరకు ముక్క నాటేటప్పుడు కన్ను చూసుకుంటామే, అలాగే ఇక్కడా ప్రతి ముక్కకీ కన్నూ, మెడా, దుంపా మూడూ ఉండాలి. సైజు గురించి ఆలోచించకండి, బొటనవేలంత దుంపకి కన్నుంటే అది నిలువెత్తు మొక్క అవుతుంది. మొదటిసారి చేసేవాళ్లకి ఇప్పుడు కళ్లు సరిగ్గా కనిపించకపోవచ్చు, అందుకని గుత్తిని అలాగే దాచి, ఏప్రిల్‌లో కళ్లు గులాబీ రంగులో తేలాక విడదీసుకోండి. కత్తిని ప్రతి మొక్కకీ స్పిరిటుతో తుడవాలి, దీంట్లో బద్ధకం పనికిరాదు.

మట్టి కడిగి, తలకిందులుగా రెండు రోజులు నీడలో ఆరబెట్టండి. కాండం గొట్టంలా ఉంటుంది, దాంట్లో నీళ్లు నిలిస్తే కుళ్లు అక్కడే మొదలవుతుంది. రంగు, పేరు దుంప మీదే మార్కర్‌తో రాసేయండి, చీటీలు ఊడిపోతాయి.

ఎక్కడ దాచాలి?

అసలు కష్టమంతా ఇక్కడే. మొదటి ఏడాది నేను పెట్టెని గ్యారేజీలో పెట్టాను. జనవరిలో బయట చలి ముదిరేసరికి లోపల కూడా గడ్డకట్టి, ఫిబ్రవరిలో తెరిచి చూస్తే దుంపలన్నీ మెత్తటి పిప్పి, వాసన. ఆ ఎర్ర పువ్వు కూడా వాటిలోనే పోయిందనుకుని ఏడ్చాను. మేలో కంచె మూలన, ఇటుకల గోడకి ఆనుకుని నేను తవ్వకుండా వదిలేసిన ఒక గుత్తి నుంచి మొలక వచ్చింది, అదీ మా అదృష్టం కొద్దీ ఆ ఎరుపే. గోడ వెచ్చదనం వల్ల బతికింది, దాన్ని నమ్ముకుని మీరు నేలలో వదిలేయకండి. రెండో ఏడాది బేస్‌మెంట్‌లో ఫర్నేస్ (ఇంటిని వెచ్చబెట్టే యంత్రం) పక్కన పెడితే వరుగుల్లా ఎండిపోయాయి.

కావాల్సింది 40 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 4 నుంచి 10 సెల్సియస్. బేస్‌మెంట్‌లో ఫర్నేస్‌కి దూరంగా, బయటి గోడవైపు మూల సాధారణంగా దీనికి దగ్గరగా ఉంటుంది. పదిహేను డాలర్ల లోపే థర్మామీటర్ దొరుకుతుంది, వారం రోజులు అక్కడ పెట్టి చూశాకే పెట్టె పెట్టండి. అట్టపెట్టెలో వర్మిక్యులైట్ (తడిని పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) గానీ, చెక్క పొట్టు గానీ వేసి, దుంపలు ఒకదానికొకటి తగలకుండా పొరలు పొరలుగా పేర్చాలి. పొట్టు చేత్తో పట్టుకుంటే తడి తెలిసీ తెలియనట్టుండాలి, పిండితే చుక్క రాకూడదు.

మా అమ్మది దుగ్గిరాల దగ్గర పసుపు పండే ఊరు. ఒక అక్టోబరులో మా ఇంట్లో ఉండి ఇదంతా చూసి, "ఇది పసుపు విత్తనం దాచినట్టే కదే, నీడలో పెట్టి ఆకులు కప్పుతాం, మధ్యమధ్యలో చూసుకుంటాం, అంతే" అంది. నిజంగా అంతే. నెలకోసారి పెట్టె తెరిచి, మెత్తబడ్డ చోటు ఉంటే గట్టి భాగం దాకా కోసేయండి, ముడతలు పడుతుంటే రెండు చుక్కలు నీళ్లు చిలకరించండి.

దుంపలు తీసిన రోజే అట్టలు

మడి ఖాళీ అయిన రోజే ఈ పని పూర్తిచేయాలి. ఇల్లు మారినప్పటి అట్టపెట్టెలు మా దగ్గర గుట్టగా ఉండేవి. టేపు, పిన్నులు పీకేసి, ఒకదాని మీద ఒకటి అర అడుగు ఎక్కేలా పరిచి, బాగా తడిపి, పైన నాలుగైదు అంగుళాల కంపోస్టు గానీ చెట్టు బెరడు ముక్కలు గానీ పోయండి. సందు వదిలితే గడ్డి అక్కడి నుంచే వస్తుంది. చలికాలంలో కలుపు చావదు, నిద్రపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో లేవబోయేసరికి పైన వెలుతురు ఉండదు, దాచుకున్న బలం అయిపోయి అప్పుడు చస్తుంది. మామూలు గడ్డికి ఒక్కసారి చాలు. బైండ్‌వీడ్ మాత్రం మాకు మూడేళ్లు పట్టింది, అంచుల్లో తల ఎత్తినప్పుడల్లా కోస్తూనే ఉన్నాను. పెరడంతా ఒకే ఏడాది కప్పాలని చూడకండి, ఒక మడి చాలు, మిగతాచోట గడ్డి కోసి ఉంచండి.

మళ్లీ నేలలోకి

మా వైపు మే మూడో వారం దాకా తొందరపడం. మట్టి 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి రావాలి. అప్పటికి అట్ట మెత్తబడి ఉంటుంది, దాన్ని చీల్చి ఐదారు అంగుళాల గుంట తీసి, దుంపని పడుకోబెట్టి, కన్ను పైకి ఉండేలా పూడ్చండి. మొక్కకీ మొక్కకీ రెండడుగులు. ఊతకర్ర అప్పుడే పాతాలి, తర్వాత పాతితే దుంపలోకి దిగుతుంది. మొలక కనిపించేదాకా నీళ్లు పోయకండి, అంతకుముందు పోస్తే కుళ్లుతుంది. తడి అట్ట కింద నత్తలు చేరతాయి, అవి లేత మొలకని ఒక్క రాత్రిలో తినేస్తాయి, అందుకని మొలక చుట్టూ జానెడు మేర అట్ట తీసేయండి.

మొక్క అడుగు ఎత్తుకు వచ్చాక నడి చిగురు తుంచేయాలి. చేయి రాదు, నాకు తెలుసు, కానీ తుంచితేనే పక్క కొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది. మొదటి పూలు జూలై చివర్లోనో ఆగస్టులోనో వస్తాయి. వాడినవి కోస్తూ ఉంటే మళ్లీ మంచు పడేదాకా పూస్తూనే ఉంటుంది, ఈలోగా రిబ్బన్లు కొనిపెట్టుకోండి.