గూగుల్ చేశాను, జెరాక్స్ తీశాను: వీటిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపు ఏ జెరాక్స్ షాపు ముందైనా కాసేపు నిలబడి చూడండి. "ఆధార్ రెండు వైపులా ఒకే పేపర్ మీద తీయండి", "మీకు వాట్సాప్ చేస్తాను, బేగి ప్రింటు తీసి ఇచ్చేయండి", "ఫోన్‌పే కొట్టాను, వచ్చిందేటి?" ఇవే మాటలు. కంపెనీ పేరు పక్కన చేయడమో, తీయడమో, కొట్టడమో తగిలిస్తే తెలుగులో పని అయిపోతుంది. ఆ అలవాటుతోనే విశాఖలో ఇంటర్వ్యూకి వెళ్లి "ఐ డిడ్ గూగుల్", "ఐ టుక్ జెరాక్స్" అనేస్తాం. ఎదుటివాళ్లకి అర్థమవుతుంది, కాదనను, కానీ ఇంగ్లీషు నడక అది కాదు.

అందుకని మొదటి పని, ఆ 'డూ'నీ 'టేక్'నీ తీసి అవతల పడేయడం. ఇంగ్లీషులో నామవాచకానికి ఏ తోడూ అక్కర్లేదు, అదే క్రియ అయిపోతుంది. ఐ గూగుల్డ్ ఇట్. షి వాట్సాప్డ్ మీ ది అడ్రస్. వాటర్ ద ప్లాంట్స్, బటర్ ద బ్రెడ్, బుక్ ఎ టికెట్ కూడా ఇలా వచ్చినవే. టికెట్ బుక్ చేసేటప్పుడు మనకెవరికీ పుస్తకం గుర్తుకు రాదు కదా!

రెండో పని కాలం చూసుకోవడం, ఇది చాలా తేలిక. ఇలా పుట్టిన కొత్త క్రియలు దాదాపు అన్నీ గతకాలంలో 'ఈడీ' పెట్టుకుంటాయి, గో-వెంట్ లాంటి బట్టీ గొడవ లేదు. రింగ్ అంటే గంట మోగడం అయితే 'ర్యాంగ్' అవుతుంది, అదే చుట్టూ ఉంగరంలా ఆవరించడం అయితే మాత్రం 'రింగ్డ్' అనే అంటారు. స్పెల్లింగులో గూగుల్‌కి 'ఇంగ్' చేరిస్తే చివరి 'ఈ' ఎగిరిపోతుంది, ఫోటోషాప్‌కి 'ఈడీ' చేరిస్తే 'పీ' రెండుసార్లు రాయాలి.

మూడోది అర్థం, అసలు తిరకాసు ఇక్కడే ఉంది. పలాసలో జీడిపిక్కల పెంకు తీసే పనిని ఇంగ్లీషులో 'షెల్' అంటారు, షెల్ అంటే పెంకే. యుద్ధవార్తల్లో అదే మాట వస్తే ఫిరంగి గుండ్లు కురిపించడం. 'డస్ట్ ద షెల్ఫ్' అంటే అలమారా దుమ్ము దులపడం, 'డస్ట్ ద కేక్ విత్ షుగర్' అంటే కేకు మీద పంచదార పొడి చల్లడం. ఒకచోట తీయడం, ఇంకోచోట వేయడం! వెనక వచ్చే మాటను బట్టే అర్థం తేలుతుంది, కాబట్టి విడిమాటగా కాకుండా వాక్యంతో సహా నేర్చుకోండి. నైఫ్ కూడా క్రియే కదా అని "ఐ నైఫ్డ్ ద బ్రింజాల్స్" అనకండి, నైఫ్ చేయడమంటే కత్తితో పొడవడం, పాపం వంకాయల మీద హత్యాయత్నం కేసు పడుతుంది.

పలకడంలోనూ చిన్న సంగతి ఉంది. రికార్డ్, పర్మిట్ లాంటి మాటల్ని నామవాచకంగా వాడితే మొదటి భాగాన్ని నొక్కాలి, క్రియగా వాడితే రెండో భాగాన్ని. కంపెనీ పేర్లకు ఈ బాధ లేదు.

ఇదంతా ఇప్పటి కుర్రకారు పైత్యం అని పెద్దాళ్లు విసుక్కుంటే వాళ్లకి ఇది చెప్పండి: 1789లోనే అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్, నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్‌కి ఉత్తరం రాస్తూ నోటీస్, ప్రోగ్రెస్ లాంటి మాటల్ని క్రియలుగా వాడేస్తున్నారని మొత్తుకున్నాడు. ఈరోజు వాటి గురించి ఎవరికీ పట్టింపు లేదు. 'గూగుల్' క్రియగా ఆక్స్‌ఫర్డ్, మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువుల్లోకి 2006లోనే ఎక్కింది.

కంపెనీలకి మాత్రం ఇది టెన్షనే. పేరు అందరి మాటగా మారిపోతే ట్రేడ్‌మార్క్ చేజారే ప్రమాదం ఉంది. లిఫ్టులు చేసే ఓటిస్ కంపెనీ 'ఎస్కలేటర్' పేరు మీద హక్కును అమెరికాలో 1950లో అలాగే పోగొట్టుకుంది. గూగుల్ విషయంలో మాత్రం, జనం క్రియగా వాడినంత మాత్రాన ట్రేడ్‌మార్క్ పోదని 2017లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. జెరాక్స్ కంపెనీ అయితే మా పేరుని క్రియగా వాడొద్దని ప్రకటనలే ఇచ్చుకుంది. ఆ ప్రకటనలు మన జంక్షన్ దాకా రాలేదు లెండి.

ఆఖరి పని, వినేవాళ్లెవరో చూసుకోవడం. "ఫోన్‌పే మీ" అంటే విజయనగరంలో అందరికీ తెలుస్తుంది, లండన్‌లో తెలియకపోవచ్చు. అక్కడివాళ్లు ఇల్లు వ్యాక్యూమ్ చేయడాన్ని 'హూవర్' అంటారు, అదీ కంపెనీ పేరే, మనకి అర్థం కాదు. స్నేహితులకి మెసేజ్ పెట్టేటప్పుడు ఎలా రాసినా చెల్లుతుంది. ఉద్యోగానికి పంపే మెయిల్‌లో, అఫీషియల్ లెటర్లలో మాత్రం జెరాక్స్‌డ్ బదులు 'ఫోటోకాపీడ్', గూగుల్డ్ బదులు 'సెర్చ్‌డ్ ఆన్‌లైన్' రాయండి. రెజ్యూమెలో 'ఫోటోషాప్డ్' కన్నా 'ఎడిటెడ్ ఇన్ ఫోటోషాప్' బావుంటుంది, ఫోటోషాప్ తయారుచేసే అడోబీ వాళ్లు కోరేదీ అదే.