విడాకుల మీడియేషన్‌లో పిల్లల సంగతి ఎలా మాట్లాడుకోవాలి

"పాప నా దగ్గరే ఉండాలి." విడాకులు తీసుకుంటున్న భార్యాభర్తలు మీడియేషన్ (మధ్యవర్తి సాయంతో మాట్లాడుకుని ఒప్పందానికి రావడం) గదిలోకి రాగానే ఇద్దరూ అనే మాట ఇదే. దీనిమీద ఎంతసేపు వాదించుకున్నా అడుగు ముందుకు పడదు. లాయర్‌గా ఉన్నన్నాళ్లూ ఆ వాదనే నా పని. మీడియేటర్‌నయ్యాక ఇంకో ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: మామూలు మంగళవారం నాడు పాప నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎవరెవరు ఏమేం చేస్తారు? దానికి జవాబు రాసుకుని వచ్చిన వాళ్ల మాటలు త్వరగా దారిలో పడతాయి. అందుకే మొదటి సమావేశానికి ముందే ఇంట్లో కూర్చుని వారం మొత్తం రాయండి. స్కూలు టైము, ట్యూషన్, మీ డ్యూటీ వేళలు, ఎవరు దింపుతారు, ఎవరు తెస్తారు, రాత్రి ఎవరి పక్కన నిద్రపోతుంది, అన్నీ.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇంట్లో కొట్టడం, బెదిరించడం, చేతికి రూపాయి ఇవ్వకుండా కట్టడి చేయడం ఉంటే ఆ విషయం మీడియేటర్‌కి విడిగా, ముందే చెప్పండి. మంచి మీడియేటర్ తనే ఇద్దరినీ వేర్వేరుగా అడుగుతారు. అడగకపోతే ఆ మనిషి మీకు వద్దనే అంటాను. ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మాట్లాడటం, ఆన్‌లైన్‌లో జరపడం, పక్కన లాయర్ని ఉంచుకోవడం లాంటి మార్గాలున్నాయి. అయినా ఎదుటి మనిషికి భయపడి ప్రతిదానికీ సరే అనేస్తానని మీకనిపిస్తే మీడియేషన్‌కే ఒప్పుకోకండి. ముందు కోర్టు నుంచి రక్షణ తెచ్చుకోవాలి, మిగతాది తర్వాత.

మీడియేటర్ తీర్పు చెప్పరు. తప్పెవరిదో తేల్చరు. కొన్ని చోట్ల కోర్టే మీడియేషన్‌కి పంపుతుంది. అలా పంపినా వెళ్లి కూర్చోవడం వరకే మీ బాధ్యత, ఒప్పందం చేసుకుని తీరాలని లేదు. కుదరకపోతే కోర్టు దారి ఎలాగూ ఉంటుంది. అయితే అక్కడి గడువులు, వాయిదాలు వాటంతటవే ఆగిపోతాయనుకోకండి, లాయర్ని అడిగి తెలుసుకోండి. గదిలో అన్న మాటలను సాధారణంగా కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. పిల్లలకు ప్రమాదం ఉందని బయటపడినప్పుడు ఆ గోప్యతకు మినహాయింపు ఉంటుంది. ఈ నియమాలు చోటును బట్టి మారతాయి కాబట్టి మొదటి రోజే అడిగి రాయించుకోండి.

గదిలో మాట బిగుసుకున్నప్పుడు "నేను మీతో విడిగా మాట్లాడాలి" అని అడిగే హక్కు మీకుంది. చాలామంది దాన్ని వాడుకోరు, మొహమాటపడతారు. నేను చూసిన మలుపులు ఎక్కువగా ఆ విడి మాటల్లోనే వచ్చాయి. ఒక తల్లి బాబుని తండ్రి దగ్గర రాత్రి ఉంచనని పట్టుబట్టింది. విడిగా అడిగితే చెప్పింది, బాబుకి ఆయాసం వస్తుంది, ఇన్‌హేలర్ ఎప్పుడు ఎంత ఇవ్వాలో ఆయనకు తెలియదని. ఆమె అనుమతితో ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన పిల్లల డాక్టరుని కలిసి, మందుల వేళలు, అత్యవసరమైతే చేయాల్సినవి ఒక కాగితం మీద రాయించుకొచ్చారు. రాత్రుల పంచాయితీ ఆ కాగితంతో తీరింది. ఎదుటివాళ్లు "వద్దు" అన్నప్పుడు "ఎందుకు వద్దు, ఏం జరుగుతుందని భయం?" అని అడగండి. నిందలా కాకుండా, నిజంగా తెలుసుకోవాలని అడగాలి.

ఇక ఒప్పందంలో రాయాల్సినవి. కస్టడీ అన్న మాటలో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి: బిడ్డ ఏ రోజు ఎక్కడ ఉంటుంది, చదువు, వైద్యం లాంటి పెద్ద నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు. వీటిని విడదీసి మాట్లాడండి. రోజులు తక్కువ దొరికిన తల్లి లేదా తండ్రికి నిర్ణయాల్లో సమాన భాగం ఉండొచ్చు.

రోజుల విషయంలో బాగా చిన్నపిల్లలకు ఇద్దరిలో ఎవరికీ ఎక్కువ రోజులు దూరం కాకుండా చూడాలి. తక్కువసేపైనా తరచుగా కలిసేలా పెట్టుకోవడం మేలు. రెండు రోజులు ఒకరి దగ్గర, రెండు రోజులు ఇంకొకరి దగ్గర, తర్వాతి మూడు మళ్లీ మొదటివారి దగ్గర ఉంచి, మరుసటి వారం తిరగేసే పద్ధతి ఒకటుంది. పెద్ద పిల్లలకు వారం మార్చి వారం నడుస్తుంది. ఇళ్లు దూరమైతే ఇవేవీ పనికిరావు, సెలవుల్లో ఎక్కువ రోజులు తీసుకోవాలి. బిడ్డను అప్పగించే చోటు గురించి ఎవరూ ఆలోచించరు. గుమ్మం దగ్గర అప్పగింతలు గొడవలకు మూలం. ఒకరు పొద్దున స్కూల్లో దింపి, ఇంకొకరు సాయంత్రం స్కూలు నుంచే తీసుకెళ్లేలా పెట్టుకుంటే ఇద్దరూ ఎదురుపడక్కర్లేదు, పిల్లలకూ టెన్షన్ ఉండదు.

"వీలున్నప్పుడు చూడొచ్చు" అని మాత్రం రాయకండి. ఎవరి వీలు? రోజు, గంట, చోటు రాయండి. ఒంట్లో బాగాలేని రోజు ఏం చేయాలి, పరీక్షలప్పుడు ఎక్కడుండాలి, ఫోన్ మాట్లాడే వేళ ఏది, తాతయ్యలు అమ్మమ్మలు ఎప్పుడు చూడొచ్చు, ఊరు మారాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, ఇవీ అందులోనే రాయాలి. ఇద్దరిలో ఒకరు విదేశంలో ఉంటే ప్రయాణాల సంగతి మరీ వివరంగా ఉండాలి. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అక్రమంగా తీసుకెళ్లిన పిల్లల్ని తిరిగి పంపించడానికి 1980 హేగ్ ఒప్పందం ఉంది గానీ అన్ని దేశాలూ అందులో చేరలేదు. భారత్ చేరలేదు.

డబ్బు దగ్గర ఒకే మాట గట్టిగా చెబుతాను. పోషణ ఖర్చు బిడ్డ హక్కు, కలవడమూ బిడ్డ హక్కే. "డబ్బు ఇస్తేనే చూపిస్తా", "చూపిస్తేనే ఇస్తా" అనే షరతు ఒప్పందంలోకి రానివ్వకండి. జీతం స్లిప్పులు, బ్యాంకు ఖాతాలు, అప్పులు, బీమా కాగితాలు ఇద్దరూ బయటపెట్టాలి. దాచిన ఆస్తి తర్వాత బయటపడితే ఒప్పందమే కోర్టులో నిలవకపోవచ్చు.

పిల్లల్ని "నువ్వు ఎవరి దగ్గరుంటావు?" అని ఎప్పుడూ అడగకండి. దయచేసి. ఏ జవాబు చెప్పినా ఇద్దరిలో ఒకరిని వదులుకున్నట్టే వాళ్లకు అనిపిస్తుంది. అలాగని వాళ్ల మాట వినొద్దని కాదు. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుందనీ, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలనీ 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణ చెబుతోంది. "రెండిళ్ల మధ్య తిరగడంలో నీకు ఏది కష్టంగా ఉంది?" అని అడిగి చూడండి. స్కూలు బ్యాగు మర్చిపోతున్నాననో, శనివారం ఆట పోతోందనో చెబుతారు. అవన్నీ సరిచేయగలిగినవే. పిల్లలతో మాట్లాడటంలో శిక్షణ ఉన్న మనిషి విడిగా మాట్లాడితే ఇంకా మంచిది.

అలసిపోయిన సాయంత్రం సంతకం పెట్టకండి. కాగితం ఇంటికి తెచ్చుకుని మీ సొంత లాయర్‌కి చూపించండి, మీడియేటర్ ఇద్దరికీ చెందిన మనిషి గనక మీ తరఫున సలహా ఇవ్వలేరు. సంతకాలయ్యాక దాన్ని కోర్టులో దాఖలు చేసి ఉత్తర్వుగా మార్పించుకోండి. బిడ్డ మేలుకు విరుద్ధంగా ఉందనిపిస్తే మీరిద్దరూ ఒప్పుకున్న షరతునైనా కోర్టు కాదనగలదు. పిల్లలు పెరిగేకొద్దీ ఏర్పాటు మారాలి కాబట్టి, ఎప్పుడు మళ్లీ కూర్చుని చూసుకోవాలో, మాట కుదరకపోతే కోర్టుకెళ్లే ముందు మళ్లీ మీడియేటర్ దగ్గరికి రావాలనీ అందులోనే రాసుకోండి. మధ్యలో చిన్న మార్పులు నోటిమాటగా ఒప్పుకున్నా అదే రోజు మెసేజ్ పెట్టుకోండి. పెద్ద మార్పైతే ఉత్తర్వునే సవరించుకోండి.